బట్టమేకకు ఏది మేలు: పొదిగే కేంద్రమా, కంచెనా, చేనా?

బట్టమేక పక్షి (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం పెట్టిన నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యానికి వెళ్లొచ్చానని చెప్పినప్పటి నుంచి అందరూ అడిగేది ఒకటే. రాజస్థాన్‌లో బట్టమేక పిల్లల్ని పెంచుతున్నారు కదన్నా, నాలుగు జతలు తెచ్చి ఇక్కడ వదిలితే సరిపోదా అని.

పెంపకం కావాల్సిందే, అందులో నాకు అనుమానం లేదు. జైసల్మేర్ దగ్గర సమ్‌లో 2019 నుంచి గుడ్లు పొదిగిస్తున్నారు, 2024లో కృత్రిమ గర్భధారణతోనూ ఒక పిల్ల పుట్టింది. దేశమంతా కలిపి నూటయాభై దాకా మాత్రమే ఉన్న పక్షి, ఆడది మామూలుగా ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. కానీ పెంచినవాటిని ఎక్కడ వదులుతాం?

కంచె సంగతి మనం చూసిందే. 1988లో రోళ్లపాడును అభయారణ్యం చేశారు, 614 హెక్టార్లు, అంటే పదిహేను వందల ఎకరాల పైమాటే. గడ్డి పెరిగింది, కృష్ణజింకలు పెరిగాయి, అవి బయట చేల మీద పడేసరికి రైతుకు అభయారణ్యం అంటేనే మంట పుట్టింది. బట్టమేక మాత్రం తగ్గిపోతూ వచ్చింది, ఎందుకంటే అది కంచెలో ఇమిడే పక్షి కాదు, మేతకు చుట్టుపక్కల చేలన్నీ తిరుగుతుంది.

నా లెక్కలో అసలు విషయం ఆ చేలే. జొన్న, కొర్ర, వేరుశనగ, మధ్యలో బీడు వదిలిన నేల, అందులో మిడతలు, పురుగులు, తొండలు, రాలిన గింజలు, ఇదీ దాని మేత. కాలువ నీళ్లొచ్చాక పంటలు మారాయి, బీళ్లు పోయాయి, మందులు కొట్టడం ఎక్కువైంది. రైతును ఏమనగలం? ఇన్ని కరువులు చూసిన సీమలో నీళ్లొద్దని ఎవరంటారు? కరెంటు తీగలు ఇంకో ప్రాణగండం. మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది, దానికి ఎదురుగా చూపు సరిగా ఆనదు, తీగ దగ్గరికొచ్చాక పక్కకు తప్పుకోలేదు.

అందుకే నా ఓటు చేనుకే. అభయారణ్యం చుట్టూ మెట్ట పంటలు వేసే రైతుకు, బీడు వదిలే రైతుకు ఏటా ఎకరాకు ఇంతని డబ్బివ్వాలి, జింకలు తిన్న పంటకు ఆ సీజన్‌లోనే పరిహారం అందాలి, ఆ చుట్టుపక్కల తీగల్ని భూమిలోకి దించాలి.

చెట్లు నాటుదామనేవాళ్లూ ఉన్నారు. వద్దు, దానికి కావాల్సింది నాలుగు దిక్కులా దూరం కనపడే బయలు.

ఈ పనులు మొదలైతే సమ్ నుంచి పిల్లల్ని మనమే అడుగుదాం.