కవల ప్రతిపాదనా, అనుమానం పెంచే ప్రకటనా: సిగరెట్ కంపెనీల ఏ ఎత్తు ఎక్కువ ప్రమాదం?

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రతిపాదనల మీద జనమే నేరుగా ‘యెస్’, ‘నో’ అని ఓటేస్తారు; ఇష్యూ, ప్రపోజిషన్, మెజర్ అన్నవి వాటికి ఆయా రాష్ట్రాల్లో ఉన్న పేర్లు. అలా పొగాకు పన్నో నిషేధమో బ్యాలెట్‌కు ఎక్కిన ప్రతిసారీ అక్కడ ఓటున్న తెలుగువాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. సిగరెట్ కంపెనీలు పోటీగా దించే కవల ప్రతిపాదనకు భయపడాలా, టీవీలో హోరెత్తించే ‘నో’ ప్రకటనలకా?

చూడ్డానికి మొదటిదే భయం పుట్టిస్తుంది. 2006లో ఒహాయోలో బార్లతో సహా పనిచేసే చోట్లన్నిటా పొగ మాన్పించడానికి ఆరోగ్య సంఘాలు ఇష్యూ 5 పెట్టాయి. ప్రచారం పేరు స్మోక్‌ఫ్రీ ఒహాయో. దాని పక్కనే సిగరెట్ కంపెనీ ఆర్.జె. రెనాల్డ్స్ డబ్బుతో ఇష్యూ 4 దిగింది. దాని పేరు స్మోక్ లెస్ ఒహాయో! లోపల చూస్తే బార్లకు, బింగో హాళ్లకు మినహాయింపు, ఊళ్లు అప్పటికే చేసుకున్న గట్టి చట్టాలు రద్దు. పైగా ఇష్యూ 5 మామూలు చట్టం, ఇష్యూ 4 రాష్ట్ర రాజ్యాంగ సవరణ. రెండూ నెగ్గితే సవరణదే పైచేయి. రెండూ మంచివే అనుకుని రెంటికీ ‘యెస్’ కొట్టిన మనిషి తన ఓటును తానే చెరిపేసుకున్నట్టు. అయినా 5 నెగ్గింది, 4 చిత్తుగా ఓడింది. అదే రోజు అరిజోనాలో రెనాల్డ్స్ వారి ఇలాంటి ప్రతిపాదనే, ప్రపోజిషన్ 206 కూడా పోయింది. 1994లో కాలిఫోర్నియాలో మరో సిగరెట్ కంపెనీ ఫిలిప్ మోరిస్ నడిపిన ఇలాంటి మెత్తటి చట్టం, ప్రపోజిషన్ 188 ని సుమారు 70 శాతం మంది తిరగ్గొట్టారు.

తేల్చేది ఇక్కడే ఉంది. అర్థం కాని ఓటరు ‘నో’ కొడతాడు. పోటీ ప్రతిపాదనకు ‘యెస్’ కావాలి కాబట్టి, కంపెనీ పుట్టించిన తికమక దాని మెడకే చుట్టుకుంటుంది. ‘నో’ ప్రచారానికి ఆ తికమకే పెట్టుబడి. అందుకే నా లెక్కలో రెండోదే అసలు ప్రమాదం.

2012 జూన్ నాటి కాలిఫోర్నియా ప్రపోజిషన్ 29 చూడండి. సిగరెట్ పెట్టెకు డాలరు పన్ను, ఆ డబ్బులో ఎక్కువ భాగం క్యాన్సర్ పరిశోధనకు. మార్చిలో సర్వేలో మూడింట రెండొంతుల మంది సరేనన్నారు. కంపెనీలు 4 కోట్ల డాలర్లకు పైగా కుమ్మరించాయి. ప్రకటనలో సిగరెట్‌ను వెనకేసుకొచ్చే మాట ఒక్కటి లేదు. తెల్లకోటు వేసుకున్న డాక్టరమ్మ నిలబడి, ఈ డబ్బు చికిత్సకు పోదు, రాష్ట్రం దాటి పోవచ్చు అంటుంది. పరిశోధన రాష్ట్రంలోనే జరగాలన్న షరతు నిజంగానే ప్రతిపాదనలో లేదు. ఆ ఒక్క కంత లోంచే దూరారు. 50.2 శాతం ‘నో’ తో ఓడింది.

2016లో అదే రాష్ట్రంలో ప్రపోజిషన్ 56 రాసినవాళ్లు కంతలు ముందే పూడ్చారు. పన్ను 2 డాలర్లు. ఎక్కువ వాటా పేదల కోసం రాష్ట్రం నడిపే మెడి-కాల్ వైద్యానికి, నిర్వహణ ఖర్చు 5 శాతం దాటకూడదు, రాష్ట్ర ఆడిటర్ తనిఖీ తప్పనిసరి. కంపెనీలు సుమారు 7 కోట్ల డాలర్లు పెట్టి, బడులకు అన్యాయం, లాభమంతా ఇన్సూరెన్స్ కంపెనీలకే అని ఊదరగొట్టినా 64 శాతంతో నెగ్గింది. అధ్యక్ష ఎన్నికల రోజు కావడంతో పోలింగ్ పెరగడం కూడా కలిసొచ్చింది.

చట్టసభ చేసిన చట్టాన్ని సంతకాలు సేకరించి జనం ఓటుకు లాగే రెఫరెండం అనే మూడో దారి గెలవడానికి కాదు, వాయిదాకు. కాలిఫోర్నియాలో ఫ్లేవర్ పొగాకు సరుకుల అమ్మకంపై నిషేధం 2021 జనవరి 1 న రావాల్సింది, కంపెనీలు సంతకాలు సేకరించి ఆపాయి. 2022 నవంబరులో జనం నిషేధానికే ఓటేశారు గానీ, దాదాపు రెండేళ్ల అమ్మకాలు దక్కాయి.

కాబట్టి ఓటరు పుస్తకం చేతికొచ్చాక పేరు చూసి ఆగకండి. డబ్బు ఎవరికి, ఎంత శాతం, లెక్క ఎవరు చూస్తారు, చట్టమా రాజ్యాంగ సవరణా అన్నవి ముందు వెతకండి. 2007లో ఒరెగాన్‌లో పిల్లల వైద్యానికి పెట్టిన మెజర్ 50 ని ఈ చివరి దాని మీదే పడగొట్టారు. సిగరెట్ పన్నును రాజ్యాంగంలో రాస్తారా అని అడిగితే 59 శాతం మంది వద్దన్నారు.