భరత్‌పూర్‌లో చిలుక గూళ్ల కోసం

రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో ఉన్న కేవలాదేవ్ జాతీయ పార్కుకు చాలామంది వలస పక్షుల కోసం చలికాలంలో వెళ్తారు. రామచిలుకల సంసారం చూడాలంటే మాత్రం మార్చి మేలు. జనం పలచబడతారు, తొర్రల్లో గుడ్లో పిల్లలో ఉంటాయి.

పార్కు సుమారు 29 చదరపు కిలోమీటర్లే. సైకిల్ అద్దెకు తీసుకోవచ్చు, నడవనూ వచ్చు. మొదటి పూట రిక్షా ఎక్కడమే మంచిది. ఆ రిక్షావాళ్లు పక్షుల గురించి శిక్షణ పొందినవాళ్లు. ఏ చెట్టు తొర్రలో చిలుక ఉందో, ఏ తొర్రను గోరువంకలు ఆక్రమించాయో చెప్పేస్తారు. మమ్మల్ని తిప్పినాయన చెట్టుకు చాలా దూరంలోనే రిక్షా ఆపేశాడు. ఇంకో గుంపుతో వచ్చిన గైడ్ మాత్రం పక్షి బయటికి రావాలని కర్రతో మానును తట్టాడు. నాకు ఒళ్లు మండింది. అలాంటివాళ్లకు డబ్బులిచ్చి ప్రోత్సహించొద్దు.

అసలు విషయానికొస్తే, పొదిగేది ఆడచిలుకే. మగది, అంటే మెడలో నలుపు, గులాబీ పట్టీ ఉన్నది, వచ్చి నోటికి మేత అందిస్తుంది. అది చూస్తుండగానే ఒక ఉడుము మాను పట్టుకుని పైకి పాకింది. చీలిన నాలుకను చాపుతూ, లాగుతూ ఒక్కో పగులునూ వెతుకుతోంది. ఆడది తొర్రలోంచి తల బయటపెట్టి అరిచింది. చుట్టుపక్కల చిలుకలన్నీ వచ్చి ఉడుము వీపు మీదుగా దూసుకెళ్లడం మొదలుపెట్టాయి. మాకు ఒకటే టెన్షన్. తొర్ర మూతి ఇరుకు, ఉడుము తల పట్టలేదు. కాసేపు గోళ్లతో గీరి దిగిపోయింది. మూతి ఎందుకంత చిన్నదిగా ఉండాలో అప్పుడు బాగా అర్థమైంది. పాములకు మాత్రం ఆ ఇరుకు అడ్డు కాదు. ఎగరడం నేర్చే పిల్లలకు డేగల భయం వేరే.

బస విషయంలో నా ఓటు గేటుకు దగ్గరున్న చిన్న గెస్ట్‌హౌస్‌లకే. ఊళ్లో మేం దిగిన హోటల్ గది పెద్దదే గానీ, పొద్దున్నే తెప్పిస్తామన్న ఆటో రాలేదు. సూర్యోదయానికి లోపల లేకపోతే సగం పోయినట్టే. కెమెరా కంటే బైనాక్యులర్ ముఖ్యం, దూరం నుంచే చూడాలి కాబట్టి.

ఫొటోలు పెట్టేటప్పుడు గూడున్న చెట్టు ఎక్కడుందో దయచేసి రాయకండి. చిలుకల్ని పట్టడం, అమ్మడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరమే అయినా, తొర్రల్లోంచి పిల్లల్ని తీసి అమ్మేవాళ్లు ఇంకా ఉన్నారు. భుజం మీద ఎర్రమచ్చ ఉండే పెద్ద రకం చిలుక పిల్లలకైతే ఆ బెడద మరీ ఎక్కువ.