విమానంలో ప్రత్యేక భోజనం: అడగడమా, సర్దుకోవడమా, మూట కట్టుకోవడమా?

టికెట్ కొన్నాక 'భోజనం' అన్నచోట నొక్కితే ఒకప్పుడు పొడవాటి జాబితా వచ్చేది. శాకాహారంలోనే మూడు నాలుగు రకాలు. జైనులకు ఒకటి, యూదులకు ఒకటి, ముస్లింలకు ఒకటి, గొడ్డుమాంసం ముట్టని హిందువులకు ఒకటి. షుగర్ ఉన్నవాళ్లకు, గోధుమ పడనివాళ్లకు, ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్లకు, పళ్ల ముక్కలు చాలనేవాళ్లకు వేరువేరుగా ఉండేవి. ఇప్పుడు ఆ జాబితా కుదించుకుపోతోంది. కొన్ని సంస్థలు రకాలను కలిపేస్తున్నాయి, కొన్ని దూరప్రయాణాలకే పరిమితం చేస్తున్నాయి. చవక టికెట్ల సంస్థల్లో అసలు భోజనమే కొనుక్కోవాలి, ఇక ప్రత్యేకం మాట ఎక్కడిది!

అలాంటప్పుడు ప్రయాణికుడికి మిగిలే దారులు నాలుగు. జాబితాలో ఇంకా మిగిలినదాన్ని ముందుగా అడిగి పెట్టుకోవడం, అందరికీ కలిపి ఇచ్చే ఒకే ఒక్క ప్రత్యేక భోజనంతో సర్దుకోవడం, ఇంటి నుంచి తెచ్చుకోవడం, విమానాశ్రయంలో కొనుక్కుని ఎక్కడం. ఏది మేలు అంటే 'ఎవరికి?' అని ఎదురు ప్రశ్న వేయక తప్పదు. నేను చూసేది ఒక్కటే: ఆ దారిలో తప్పు జరిగితే మీకేమవుతుంది? రుచి నచ్చనివాళ్లు కాసేపు ఆకలితో ఉంటారు. నియమం ఉన్నవాళ్లకు పది గంటల ఉపవాసం. అలెర్జీ ఉన్నవాళ్లకైతే, ఆసుపత్రి అందని ఎత్తులో ప్రాణం మీదికే వస్తుంది. ఈ ముగ్గుర్నీ ఒకే గాటన కట్టి 'స్పెషల్ మీల్ వాళ్లు' అనడంలోనే సగం గొడవ ఉంది.

సంస్థల వైపు న్యాయం లేదని కాదు. విమానంలో వంట జరగదు. నేలమీద ఫ్లైట్ కిచెన్‌లో ముందే వండి, వేగంగా చల్లార్చి, ట్రేలలో సర్ది, ట్రాలీల్లో పెట్టి పంపుతారు. పైన సిబ్బంది వేడి మాత్రమే చేస్తారు. మామూలు భోజనాలు రెండు వందలైనా ఒకే తీరుగా కదిలిపోతాయి. ప్రత్యేక భోజనం అలా కాదు. ప్రతి రకానికీ నాలుగక్షరాల కోడ్ ఉంటుంది. ఏవీఎంఎల్ అంటే భారతీయ తరహా శాకాహారం, వీజీఎంఎల్ అంటే పాలు కూడా లేని వీగన్, వీజేఎంఎల్ జైన్, కేఎస్ఎంఎల్ యూదుల నియమం ప్రకారం చేసిన కోషర్, జీఎఫ్ఎంఎల్ గోధుమలో ఉండే గ్లూటెన్ లేనిది, డీబీఎంఎల్ డయాబెటిక్. ఒక్కో కోడ్‌కి ఒక్కో వంట, ఒక్కో లేబుల్, దాని మీద ఒక సీటు నంబరు. ఆ సీటు మనిషి విమానం ఎక్కకపోతే ఆ ట్రే సాధారణంగా చెత్తలోకే. అంతర్జాతీయ విమానాల్లో మిగిలిన తిండిని, జంతువుల రోగాలు వస్తాయన్న భయంతో చాలా దేశాలు తగలబెట్టడమో లోతుగా పూడ్చడమో చేయిస్తాయి. ఎవరికైనా ఇచ్చేద్దామన్నా కుదరదు. 1980లలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సలాడ్‌లోంచి ఒక్క ఆలివ్ కాయ తీసేసి ఏడాదికి 40,000 డాలర్లు మిగుల్చుకుందని ఈ రంగంలో ఇప్పటికీ కథలా చెప్పుకుంటారు. ఆలివ్ కాయకే అంత లెక్క ఉంటే ఇరవై రకాల ట్రేలకు ఎంత లెక్క ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇక్కడ ప్రయాణికుల తప్పు కూడా కొంత ఉంది. స్పెషల్ మీల్ మామూలు ట్రాలీ కంటే ముందు వస్తుంది. ఆ ముందు వచ్చే సుఖం కోసం ఏ నియమమూ లేకుండా ఏదో ఒక కోడ్ పెట్టేసుకునేవాళ్లు నాకు తెలుసు. తీరా ట్రే వచ్చాక పక్కవాళ్ల కోడికూర వాసన తగిలి 'అది ఒకటి దొరుకుతుందా?' అని అడుగుతారు. అసలు అవసరం ఉన్నవాళ్ల జాబితా చిక్కిపోవడానికి వీళ్లూ ఒక కారణమే.

మొదటి దారి, ముందుగా అడిగి పెట్టుకోవడం. ఇది సక్రమంగా జరిగినప్పుడు దీన్ని మించింది లేదు. వేడి తిండి, దూరప్రయాణమైతే రెండోపూట కూడా. కోషర్ భోజనమైతే సీలు వేసి వస్తుంది, సీలుతోనే వేడి చేస్తారు, సీలు చెక్కుచెదరలేదని ప్రయాణికుడే చూసుకుని విప్పుతాడు. ఇంత నమ్మకంగా చేతికి అందేది విమానంలో మరొకటి లేదనిపిస్తుంది.

చిక్కంతా మీ మాట వంటగది దాకా చేరడంలో ఉంది. ఎక్కువ సంస్థలకు బయలుదేరే ముందు కనీసం 24 గంటల వ్యవధి కావాలి, కోషర్ లాంటివాటికి 48 గంటలు లేదా అంతకన్నా ఎక్కువ. టికెట్ ఒక సంస్థది, విమానం ఇంకో సంస్థది అయితే మీరు పెట్టిన కోడ్ మధ్యలో ఎక్కడైనా రాలిపోవచ్చు. విమానం రద్దయి వేరేదానిలో ఎక్కిస్తే సీటు మారుతుంది గానీ భోజనం వెంట రాదు. ఒకసారి నాకు ట్రే మీద లేబుల్ సరిగ్గానే ఉంది, లోపల కూర కూడా సరైనదే. పక్కన మాత్రం అందరికీ పెట్టినట్టే గోధుమ బన్ను పెట్టారు. నాకు అది ఇష్టాయిష్టాల సంగతి కాబట్టి నవ్వుకుని పక్కన పెట్టేశాను. అదే గ్లూటెన్ అస్సలు పడని సీలియాక్ జబ్బు ఉన్న మనిషికి అయితే, ఆ బన్ను పొడి కూరలో రాలినా ప్రమాదమే. 'గ్లూటెన్ ఫ్రీ' అని రాయాలంటే కిలో తిండిలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు దాటకూడదని అంతర్జాతీయ ప్రమాణం ఉంది మరి.

రెండో దారి, సర్దుకోవడం. సంస్థలకు ఇదే ముద్దు. మాంసం లేదు, గుడ్డు లేదు, పాలు లేవు, పంది లేదు, గొడ్డు లేదు, కాబట్టి ఒక్క వీగన్ ట్రే పెడితే అందరూ తినేస్తారు కదా అన్నది లెక్క. కాగితం మీద బాగానే ఉంటుంది. ట్రే మూత తీసి ఒక్కొక్కరి ముందు పెట్టి చూడండి.

జైనులకు ఉల్లి, వెల్లుల్లి, బంగాళదుంప, క్యారెట్ పనికిరావు. వీగన్ కూరకు రుచి వచ్చేదే చాలాసార్లు ఉల్లి, వెల్లుల్లితో. గ్లూటెన్ పడనివాళ్లకు మాంసం ఉందా లేదా అన్నది సమస్యే కాదు. వీగన్ ట్రేలో పాస్తా, కుస్‌కుస్, గోధుమ పిండితో చేసిన నకిలీ మాంసం వస్తే వాళ్లు ఆకలితో ఉండాల్సిందే. సోయా పడనివాళ్లకు, జీడిపప్పు, బాదం పడనివాళ్లకు వీగన్ ఇంకా అపాయం, ఎందుకంటే పాల స్థానంలో వాడేది తరచుగా అవే. యూదుల్లో నియమంగా ఉండేవాళ్లకు ఏం వండారన్న దానితో పాటు ఏ వంటింట్లో, ఏ గిన్నెల్లో, ఎవరి పర్యవేక్షణలో వండారన్నదీ ముఖ్యమే. కాబట్టి ఆకుకూరైనా ధ్రువీకరణ లేకపోతే ముట్టరు. ఇక మాంసం తినే హిందువుకు, గొడ్డుమాంసం ఉందేమోనన్న అనుమానంతో ఆకులు అలములు తినమనడం ఏం న్యాయం? 2018 జులైలో ఎమిరేట్స్ 'హిందూ మీల్' తీసేస్తున్నామని ప్రకటించి, అభ్యంతరాలు వచ్చాక ఒకటి రెండు రోజుల్లోనే మళ్లీ పెట్టింది. మిగతా శాకాహార రకాలు ఉన్నాయి కదా అన్న సమాధానం ప్రయాణికులకు ఎక్కలేదు.

ఉప్పు సంగతి ఇంకో రకం. పైన గాలి పొడిగా ఉంటుంది, పీడనం తక్కువ, ఇంజిన్ హోరు సరేసరి. లుఫ్తాన్సా కోసం జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ 2010లో చేసిన పరీక్షల్లో, ఆ వాతావరణంలో ఉప్పు, తీపి నాలుకకు తక్కువగా తెలుస్తాయని తేలింది. అందుకే విమానం వంటలో ఉప్పు, మసాలా కాస్త దండిగా పడతాయి. బీపీ ఉన్నవాళ్లకు ఎల్‌ఎస్‌ఎంఎల్ అన్న తక్కువ ఉప్పు కోడ్ తీసేసి వీగన్ ఇస్తామంటే అది ప్రత్యామ్నాయం కానే కాదు.

అయినా కలపడం అన్నిసార్లూ తప్పేం కాదు. ఎమిరేట్స్, ఖతార్ ఎయిర్‌వేస్, ఎతిహాద్ లాంటి గల్ఫ్ సంస్థల్లో వడ్డించే మాంసమంతా హలాలే కాబట్టి అక్కడ ముస్లిం ప్రయాణికుడు విడిగా అడిగి, వస్తుందో రాదో అని టెన్షన్ పడక్కర్లేదు. మామూలు భోజనమే అతని భోజనం. ఎయిర్ ఇండియా 2017లో దేశీయ విమానాల ఎకానమీలో మాంసాహారం ఆపేసినప్పుడు ఖర్చు, వృథా తగ్గుతాయనీ, ట్రేలు తారుమారు కావనీ చెప్పింది. దానిపై ఎన్ని వాదాలున్నా, శాకాహారికి మాత్రం పొరపాటున మాంసం ట్రే వచ్చే భయం అప్పట్లో పోయింది. మామూలు ట్రేనే ఎక్కువమందికి సరిపోయేలా మార్చి, ఆపైన కోడ్లు తగ్గిస్తే ఒప్పుకోవచ్చు. మామూలు ట్రే ఉన్నచోటే ఉండి, కోడ్లను మాత్రం ఒక్కదానిలో కుక్కేస్తే ఒప్పుకోను.

షుగర్ ఉన్నవాళ్ల విషయంలో మాత్రం నా మాట అందరికీ నచ్చకపోవచ్చు. డయాబెటిక్ మీల్ పోతే పోనివ్వండి. ఇన్సులిన్ తీసుకునే చాలామందికి దానితో పెద్ద ఉపయోగం లేదు. బ్రిటన్‌లోని డయాబెటిస్ యూకే లాంటి సంస్థలే దాన్ని ప్రత్యేకంగా పెట్టుకోవాల్సిన పని లేదంటాయి. ఒక్కోసారి అందులో పిండిపదార్థం మరీ తక్కువగా ఉండి, వేసుకున్న మందుకు తిండి చాలక షుగర్ పడిపోతుంది కూడా. మామూలు ట్రేలో అన్నం ఎంతుంది, బన్ను ఎంతుంది చూసుకుని దానికి తగ్గట్టు తినడం వాళ్లకు అలవాటే. దానికంటే ముఖ్యమైన జాగ్రత్త వేరే ఉంది: ట్రే మీ ముందుకు వచ్చేదాకా ఇన్సులిన్ వేసుకోకండి. ట్రాలీ మూడు వరసల అవతల ఉండగా విమానం కుదుపుల్లో పడితే సిబ్బంది వడ్డన ఆపేసి కూర్చుంటారు. జేబులో గ్లూకోజ్ బిళ్లలు ఉండాలి.

మూడోది మూట. పల్లీలు, నట్స్ అలెర్జీ తీవ్రంగా ఉన్నవాళ్లకు, సీలియాక్ వాళ్లకు ఇదే మేలని నిస్సంకోచంగా చెప్తాను. నట్స్ అస్సలు తగలని భోజనానికి హామీ ఇవ్వలేమని చాలా సంస్థలు తమ నిబంధనల్లోనే రాస్తాయి. అలాంటప్పుడు జాబితా ఉన్నా లేకపోయినా వాళ్ల తిండి వాళ్ల చేతుల్లో ఉండాలి, అడ్రినలిన్ ఇంజెక్షన్ చేతి సంచిలో ఉండాలి, పైన సామాన్ల అరలో కాదు.

మూటకూ దాని కష్టాలున్నాయి. గట్టి పదార్థాలను సెక్యూరిటీలో సాధారణంగా వదిలేస్తారు. పెరుగు, పులుసు, జామ్, వెన్నలాంటి పల్లీల ముద్ద ద్రవాల కిందికి వస్తాయి, వాటికి 2006 నుంచి చాలా దేశాల్లో 100 మిల్లీలీటర్ల హద్దు ఉంది. చంటిపిల్లల ఆహారానికి, వైద్యపరంగా తప్పనిసరైన ద్రవాలకు మినహాయింపు ఉంటుంది, డాక్టరు చీటీ దగ్గర ఉంటే మాటలు తగ్గుతాయి. విమానంలో మీ డబ్బా వేడి చేసివ్వమని అడిగితే ఎక్కువచోట్ల కాదంటారు, ఫ్రిజ్‌లో పెట్టమన్నా అదే జవాబు. వండిన అన్నం, కూర గది వేడిలో రెండు గంటలు దాటి ఉంచకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఇంట్లో మూట కట్టి, రోడ్డు మీద గంట, చెక్-ఇన్‌లో, గేటు దగ్గర మూడు గంటలు గడిపి, ఎక్కాక విప్పేసరికి ఆ లెక్క ఎప్పుడో దాటిపోతుంది. అందుకే మూటలో పొడి సరుకు ఉండాలి: వేయించినవి, కాల్చినవి, ఎండుపళ్లు, తొక్క ఉన్న పళ్లు.

దిగేచోట ఇంకో గండం. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో మిగిలిన ఒక్క పండు చెప్పకుండా పట్టుకెళ్లినా జరిమానా వేస్తారు. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు సొంతానికైనా తేనివ్వరు. తినగా మిగిలింది విమానంలోనే వదిలేయడం మేలు.

నాలుగోదాని మీద ఎక్కువ మాటలు అనవసరం. అర్ధరాత్రి విమానాలకు కొట్లు మూసి ఉంటాయి, తెరిచి ఉన్నవాటిలో నియమం ఉన్నవాళ్లకు దొరికేది చిప్స్, అరటిపండు. అలెర్జీ ఉన్నవాళ్లు లేబుల్‌ను గుడ్డిగా నమ్మకూడదనడానికి ఒక విషాదం చాలు. 2016లో లండన్ నుంచి నీస్ వెళ్తున్న 15 ఏళ్ల అమ్మాయి, విమానాశ్రయంలో కొన్న శాండ్‌విచ్ బ్రెడ్డు పిండిలో నువ్వులు ఉన్నాయని తెలియక తిని, ఆ అలెర్జీతో చనిపోయింది. పొట్లం మీద ఆ సంగతి రాసి లేదు. ఆ తర్వాతే బ్రిటన్‌లో, కొట్లోనే కట్టి అమ్మే తిండి మీద కూడా పదార్థాలన్నీ రాయాలన్న చట్టం 2021 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. అలాంటి చట్టం ప్రతి దేశంలోనూ ఉంటుందనుకోవద్దు. ఏ పేచీ లేని శాకాహారికి, మూడు గంటల ప్రయాణానికి మాత్రం ఈ దారి చాలు.

కోతలు తప్పవంటే సంస్థలు ఎక్కడ కోయాలన్నది కూడా చెప్పేస్తాను. ఇష్టాల కోడ్లకు విడిగా డబ్బు వసూలు చేయండి: పళ్ల పళ్లెం, సముద్రపు తిండి, తక్కువ కేలరీలు. గ్లూటెన్, తక్కువ ఉప్పు, కోషర్, జైన్ వాటిని కావాలంటే 72 గంటల ముందు అడగమనండి, బుకింగ్ మారినా కోడ్ వెంట వచ్చేలా చూడండి, తీసేయకండి. అసలు వద్దనేవాళ్లకు వద్దనే వీలివ్వడం ఇంకా మంచిది. జపాన్ ఎయిర్‌లైన్స్ తన అంతర్జాతీయ ప్రయాణికులకు భోజనం ముందే మానుకునే అవకాశం ఇస్తోంది. నిద్రపోయేవాళ్ల ట్రేలు ఆగితే, నిజంగా కావలసినవాళ్ల ట్రేల ఖర్చు కొంతైనా కలిసొస్తుంది.

మూటను గెలిపించేవాళ్లు మరిచిపోయేది ఒకటుంది, తిరుగు ప్రయాణం. వెళ్లేటప్పుడు మన వంటగది మనకుంటుంది. వచ్చేటప్పుడు ఉండేది హోటల్ గది, నీళ్లు మరిగించే కెటిల్. అందుకని నేను వెళ్లేటప్పుడు మూట, వచ్చేటప్పుడు కోడ్ పెట్టుకుంటాను. బయలుదేరడానికి రెండు రోజుల ముందు విమానం నడిపే సంస్థకే, టికెట్ అమ్మిన సంస్థకు కాదు, ఫోన్ చేసి కోడ్ చదివి వినిపించమంటాను. చెక్-ఇన్‌లో ఒకసారి, విమానం ఎక్కగానే సిబ్బందిని ఇంకోసారి అడుగుతాను. కోడ్ రాలిపోయిందని అక్కడ తెలిస్తే, సంచి అడుగున విప్పకుండా దాచుకున్న ఎండుపళ్ల పొట్లం ఒకటి ఉంటుంది. ఆస్ట్రేలియా నుంచి తిరిగి వస్తుంటే మాత్రం ఆ పొట్లాన్ని వెళ్లిన రోజే ఫారంలో రాసి, అధికారికి చూపించి ఉండాలి.