హ్యాండ్‌హెల్డ్ గేమింగ్ పీసీ కొంటున్నారా? ముందు స్టిక్కుల సంగతి చూడండి

చేతిలో పట్టుకుని గేములు ఆడే ఈ చిన్న పీసీకి డబ్బు కట్టేముందు ఇది ఒకసారి చదవండి. స్టిక్కులంటే క్యారెక్టర్‌ని నడిపించడానికి బొటనవేలితో తిప్పే చిన్న పుల్లలు. కంపెనీ పేరు, అమ్మినవాళ్ళ పేరు రాయడం లేదు. ఏ కంపెనీది కొన్నా ఈ తిప్పలు రావచ్చు.

నాది ఇంపోర్టెడ్ పీస్. ప్రాసెసర్‌కీ స్క్రీన్‌కీ వంక పెట్టక్కర్లేదు. కానీ ఏడాది తిరక్కుండానే ఎడమ స్టిక్ డ్రిఫ్ట్ మొదలైంది. వేలు తీసేసినా క్యారెక్టర్ తనంతట తనే గోడ వైపు నడుచుకుంటూ పోతుంది, మెనూ కిందికి జారుతూనే ఉంటుంది. షాపుకి ఫోన్ చేస్తే, "అది వాడకంలో అరుగుదల సార్, వారంటీలోకి రాదు" అన్నారు. ఆ కంపెనీకి మన దేశంలో సర్వీస్ సెంటరే లేదు. బిల్లు మీదున్నది షాపువాళ్ళ సొంత వారంటీ అట, అందులో స్టిక్కులు, బటన్లు లెక్కలోకి రావట!

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో రిపేరు చేసే కుర్రాడు విప్పి చూపించాడు. స్టిక్ పక్కన అది ఎటు ఎంత కదిలిందో కొలిచే రెండు చిన్న పొటెన్షియోమీటర్లు, ఒకటి అడ్డానికి, ఒకటి నిలువుకి. లోపల కార్బన్ పట్టీ మీద సన్నటి లోహపు రేకు రాసుకుంటూ తిరుగుతుంది. నా దాంట్లో సరిగ్గా మధ్యలో పట్టీ అరిగి నల్లపొడి రాలింది. హాల్ ఎఫెక్ట్ స్టిక్కుల్లో ఈ రాపిడి ఉండదు, అయస్కాంతం కదలికను సెన్సర్ పట్టుకుంటుంది. లెనోవో లీజియన్ గో, ఎంఎస్‌ఐ క్లా అనే హ్యాండ్‌హెల్డ్‌లు ఆ రకంతోనే వచ్చాయి. స్టీమ్ డెక్‌లో మాత్రం పాత రకమే. పైగా దాన్ని తయారు చేసే వాల్వ్ కంపెనీ మన దేశంలో నేరుగా అమ్మదు, ఇక్కడ దొరికేవి బయటి నుంచి తెచ్చినవే.

డెడ్‌జోన్, అంటే మధ్యలో స్టిక్ కదిలినా గేమ్ పట్టించుకోని మేర, పెంచుకోమని అందరూ సలహా ఇస్తారు. పెంచితే డ్రిఫ్ట్ కనబడదు, నిజమే. కానీ స్టిక్ కొద్దిగా కదిపితే ఏమీ జరగదు. రేసింగ్‌లో బండిని కాస్త సర్దుదామంటే కుదరదు, ఇంకొంచెం తోస్తే ఒక్కసారే పక్కకి లాగేస్తుంది.

వెనక బటన్లు ఇంకో గోల. వేళ్ళు పట్టుకునే చోటే పెట్టారు, ఫైట్‌లో పట్టు బిగిస్తే చాలు నొక్కుకుపోతాయి. ట్రాక్‌ప్యాడ్ లేదు. 7 అంగుళాల తెర మీద విండోస్ పాపప్ వస్తే, ఆ మూలనున్న ఇంటూ గుర్తు మీద బొటనవేలు ఎన్నిసార్లు ఆనించినా పక్కదే తెరుచుకుంటుంది. ఈ విషయంలో స్టీమ్ డెక్ నయం, రెండు వైపులా ట్రాక్‌ప్యాడ్లు ఉన్నాయి.

బరువు కూడా చూసుకోండి. లీజియన్ గో కంట్రోలర్లతో కలిపి 854 గ్రాములు. పడుకుని ఆడే అలవాటుంటే చేతిలో పట్టుకుని చూడకుండా కొనొద్దు.

షాపులోనే విండోస్ సెర్చ్‌లో 'సెటప్ యూఎస్‌బీ గేమ్ కంట్రోలర్స్' తెరిచి, ప్రాపర్టీస్ నొక్కి, స్టిక్ తిప్పి వదిలేయండి. ప్లస్ గుర్తు గడిలో మధ్యకి వచ్చి కదలకుండా నిలవాలి. సెకండ్ హ్యాండ్ అయితే డెడ్‌జోన్ సున్నా చేయించి మరీ చూడండి. స్టిక్కులకి కూడా వారంటీ ఉందని బిల్లు మీద రాయించుకోండి. రాయమంటే నసుగుతున్నారంటే ఇంకో షాపు చూసుకోండి.