గూగుల్ ఫామ్ నుంచి ఎయిర్‌టేబుల్‌కి: జేపియర్ ఉచిత ప్లాన్ ఎంతవరకు సరిపోతుంది?

కోడ్ రాయకుండా గూగుల్ ఫామ్ జవాబులు ఎయిర్‌టేబుల్ అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లో చేర్చాలంటే, ఒక యాప్‌లోని సమాచారాన్ని మరో యాప్‌కి దానంతటదే పంపే జేపియర్ తేలిక దారే. ట్రిగ్గర్‌గా (పని మొదలుపెట్టే ఘటన) గూగుల్ ఫామ్స్, యాక్షన్‌గా (ఆ తర్వాత జరిగే పని) ఎయిర్‌టేబుల్‌లో కొత్త వరుస చేర్చే 'క్రియేట్ రికార్డ్' పెట్టి, ఏ ప్రశ్న ఏ ఫీల్డులోకి వెళ్లాలో జత చేస్తే చాలు. దానికి ముందు ఫామ్‌ని ఒకసారి మీరే నింపండి, శాంపిల్ జవాబు లేకపోతే జత చేయడానికి ఏమీ కనిపించదు.

చిక్కంతా తేదీలతోనే. మనం 05/08 అని ఆగస్టు 5 రాస్తే అది మే 8గా పడొచ్చు. ఎర్రర్ రాదు కాబట్టి తప్పు నెలల తర్వాత గానీ బయటపడదు. జేపియర్‌లో సమాచారం రూపం మార్చే ఫార్మాటర్ స్టెప్ పెట్టి సంవత్సరం-నెల-రోజు వరుసలోకి మార్చాలి. కానీ ఉచిత ప్లాన్‌లో ట్రిగ్గర్, యాక్షన్ కలిపి రెండే స్టెప్పులు, మూడోదానికి డబ్బు కట్టాల్సిందే! ఫోన్ నంబరు ఫీల్డుని 'నంబర్'గా కాక టెక్స్ట్‌గా ఉంచండి, లేకపోతే ముందున్న సున్నా ఎగిరిపోతుంది.

అప్‌లోడ్ చేసిన ఫైళ్లు డ్రైవ్ లింకులుగా వస్తాయి. లింకు అందరికీ తెరుచుకునేలా లేకపోతే అటాచ్‌మెంట్ ఫీల్డులో పడవు.

ఒకే మనిషి రెండుసార్లు పంపితే రెండు రికార్డులు తయారవుతాయి. 'ఫైండ్' స్టెప్‌తో ఈమెయిల్ వెతికించి, దొరకకపోతేనే కొత్తది సృష్టించేలా పెట్టాలి. ఫామ్‌లో ప్రశ్నను తీసేసి మళ్లీ చేర్చినా జవాబులు చేరే గూగుల్ షీట్‌లో కొత్త కాలమ్ పుడుతుంది, పాత జత ఖాళీ పంపుతుంది.

ఉచితంగా జేపియర్‌లో నెలకు 100 టాస్కులు (అది పూర్తిచేసే ఒక్కో యాక్షన్ ఒక టాస్కు), ఎయిర్‌టేబుల్‌లో బేస్‌కి, అంటే ఒక్కో డేటాబేస్‌కి, 1,000 రికార్డులు. చిన్న వర్క్‌షాప్ నమోదుకి ఇది చాలు, కాలేజీ అడ్మిషన్లకి మాత్రం చాలదు.