ఆక్లండ్ దగ్గర పూరేళ్ళు: టిరిటిరి మటంగికా, తాఫరానుయికా?

న్యూజిలాండ్‌కు సొంత పూరేడు ఒకటుండేది, మావోరీలు కొరెకే అనేవారు. 1875 నాటికే అది కనుమరుగైంది. ఇప్పుడు అక్కడ గడ్డిలోంచి బుర్రుమని లేచేవి వేట కోసం 1860లలో తెచ్చి వదిలిన పరాయి జాతులు. ఆస్ట్రేలియా నుంచి బ్రౌన్ క్వెయిల్, అమెరికా నుంచి కాలిఫోర్నియా క్వెయిల్. ఇవి మేతకు ఎక్కువగా బయటికొచ్చేది పొద్దున్నే, మళ్ళీ పొద్దు వాలుతుండగా. అందుకే రాత్రి బస ఎక్కడన్నది ముందు తేల్చుకోవాలి.

బ్రౌన్ క్వెయిల్‌కి టిరిటిరి మటంగి దీవి. ఆక్లండ్ రేవు నుంచి ఫెర్రీలో గంటంబావు ప్రయాణం. పొద్దున వెళ్ళి మధ్యాహ్నం తిరిగొచ్చేస్తే మంచి వేళ రెండువైపులా జారిపోతుంది. అయినా ఇక్కడి పిట్టలకు ఎలుక, పిల్లి భయం లేదు కాబట్టి కోసిన గడ్డి దారుల అంచున పగలు కూడా తిరుగుతుంటాయి. పిల్లలతో ఉన్న పిట్టల జంట ఎదురైతే వెంటపడొద్దు, పరిగెత్తి పొడవాటి ఆకుల ఫ్లాక్స్ పొదల్లో దూరతాయి. అక్కడే కూర్చుని పదిహేను నిమిషాలు ఆగితే చాలావరకు వాటంతటవే మళ్ళీ బయటికొస్తాయి. ఇవే ఆఖరి కొరెకేలేమోనని కొన్నాళ్ళు ఆశ ఉండేది. 2009లో వెలువడిన డీఎన్‌ఏ పరిశోధన ఇవి ఆస్ట్రేలియావేనని తేల్చింది.

దీవిలో ప్రభుత్వ పరిరక్షణ శాఖ వారి బంక్‌హౌస్ (అంచె పడకల బస) ఉంది. వంటగది, పరుపులు ఉంటాయి. స్లీపింగ్ బ్యాగు, దిండు గలీబు, తిండి మనమే మోసుకెళ్ళాలి. తిండి మూత గట్టిగా పడే డబ్బాల్లోనే పెట్టాలి. సంచిలో ఎలుక, చీమ, విత్తనం ఏది దాగున్నా దీవికి ముప్పు, కాబట్టి బూట్ల మట్టి కూడా కడుక్కునే బయల్దేరాలి. పడకలు తక్కువ, వారాంతాలకు చాలా ముందే నిండిపోతాయి. ఇంకో చిక్కు, గాలి ఎక్కువైతే ఫెర్రీ రద్దవుతుంది. మర్నాడే విమానం పెట్టుకుని ఈ దీవిలో రాత్రి ఉండటం తెలివితక్కువ పని.

కాలిఫోర్నియా క్వెయిల్‌కైతే తాఫరానుయి. ఆక్లండ్‌కి ఉత్తరాన కారులో గంటన్నర దూరం. పిట్టల్ని తినే జంతువులు రాకుండా ఈ ద్వీపకల్పం మెడకు అడ్డంగా కంచె ఉంది. ప్రవేశం ఉచితం, కుక్కలకు అనుమతి లేదు. లోపల దుకాణం లేదు, సామాన్లు దారిలోని మటకానా ఊళ్ళోనే కొనుక్కోవాలి, తాగే నీళ్ళూ తీసుకెళ్ళడమే మంచిది. క్యాంపు స్థలం ఆక్లండ్ కౌన్సిల్ దగ్గర ముందే బుక్ చేసుకోవాలి. గుడారం తలుపు తీసి బయటికొచ్చేసరికి పిట్టలు గడ్డిలో ఉండటమే ఇక్కడి లాభం. గుంపు మేస్తుంటే ఒక మగది కంచె గుంజెక్కి కాపలా కాస్తుంది, ముందు దాన్ని వెతకండి. బ్రౌన్ క్వెయిల్ కూడా ఇక్కడ ఉంది. ఒక్క రాత్రే చేతిలో ఉంటే మా ఓటు తాఫరానుయికే.

దక్షిణ దీవికి వెళ్ళేవాళ్ళకు సెంట్రల్ ఒటాగోలో క్లైడ్, అలెగ్జాండ్రా చుట్టుపక్కల ముళ్ళపొదల్లో కాలిఫోర్నియావి దండిగా ఉంటాయి, అద్దె సైకిల్ చాలు. మే మొదట్లో వేట సీజన్ మొదలవుతుంది. ఆ తర్వాత తుపాకీ తిరిగే చోట్ల ఇవి దూరం నుంచే లేచిపోతాయి.

గుర్తుపట్టడం తేలికే. కాలిఫోర్నియా మగదానికి నెత్తిమీద ముందుకు వంగిన నల్ల జుట్టు, నల్లటి గొంతు చుట్టూ తెల్లని గీత, పొట్ట మీద పొలుసుల్లాంటి మచ్చలు. ఆడదానికి జుట్టు చిన్నది, పొలుసులు మాత్రం ఉంటాయి. బ్రౌన్ క్వెయిల్ మన పొలాల పూరేడులా గుండ్రంగా, జుట్టు లేకుండా, వీపు మీద సన్నని తెల్లగీతలతో ఉంటుంది. దాని కూత చివర పైకి లేచే ఈల.

చూసిన పక్షుల్ని నమోదు చేసుకునే ఈ-బర్డ్ వెబ్‌సైట్‌లో రెండూ స్థిరపడ్డ పరాయి జాతుల కింద వస్తాయి, మీ లెక్కలో చేరతాయి. పంజరం తప్పించుకున్న కౌజుపిట్ట కనబడితే అదీ నమోదు చేయండి, ఫొటో పెట్టండి. అది వేరే పట్టికలో పడుతుంది, మొత్తంలో కలవదు.