మోరిస్ మైనర్‌కి వాలే సీట్లు వెతుక్కుంటూ అమ్మతో రెండు ప్రయాణాలు

మాది 1965 నాటి మోరిస్ మైనర్ 1000, రెండు తలుపులది. నాన్న కారు. అమ్మకి అందులో తిరగడం ఎంత ఇష్టమో చెప్పలేను. కానీ ఈమధ్య గంట దాటితే ఆమె నడుము ఒప్పుకోవడం లేదు. "కాస్త ఆపరా, ఒక్కసారి దిగి నిలబడతాను" అంటుంది. ఆపుతాను. మళ్లీ గంటకి అదే మాట.

తప్పు ఆమె నడుముది కాదు. ఆ సీటు వీపు భుజాల దాకా కూడా రాదు, ఒక్క అంగుళం కూడా వెనక్కి వాలదు. అడుగున ఉన్న రబ్బరు పట్టీలు సాగిపోవడంతో కూర్చోగానే తుంటి కిందికి జారి మోకాళ్లు పైకి లేస్తాయి. పట్టీలు కొత్తవి వేయించాను. కూర్చునే ఎత్తు సరిపోయింది గానీ వీపు కోణం మారలేదు. ఇక వాలే సీట్లు వెతకాల్సిందే అనుకున్నాం. అమ్మ ఒకటే షరతు పెట్టింది: "తలుపు తియ్యగానే మీ నాన్న కారులాగే ఉండాలి."

మొదట పాత కార్ల విడిభాగాల సంతకి వెళ్లాం. తెల్లవారకముందే చేరుకోవడం మంచిదయింది, మంచి సీట్లు మొదటి గంటలోనే పోతాయి. వాలే సీటు కొత్తకాలపు వస్తువు అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. 1950ల్లోనే అమెరికా నాష్ కార్లలో ముందు సీట్లు పూర్తిగా వాలి పడకలయ్యేవి. 1963లో వచ్చిన రోవర్ పీ6లో ముందు సీట్లు విడివిడిగా వాలేవి. పోర్షె 356కి బాడీలు కట్టిన రాయిటర్ సంస్థ అదే ఏడాది బాడీల పనిని పోర్షెకి ఇచ్చేసి, సీట్ల తయారీతోనే కొనసాగుతూ రెకారో అనే పేరు పెట్టుకుంది. కాబట్టి 1965 కారులో వాలే సీటు ఉంటే అది ఆ కాలానికి ఎబ్బెట్టేమీ కాదు, సరైనది దొరకాలంతే.

సంతలో మైక్రోసెల్ సీట్ల జత ఒకటి కనబడింది. ఆ రోజుల్లో కార్ల యజమానులు విడిగా కొని బిగించుకున్న రకం. చూడగానే మనసు పడ్డాను. కూర్చుని వీపు పైఅంచు పట్టుకుని ఊపితే మాత్రం బెత్తెడు అటూ ఇటూ ఆడింది. వాలే సీటు కొనేటప్పుడు మొదట చూడాల్సింది ఇదే. కీలు దగ్గర అరుగుదల కంటికి కనబడనంత ఉన్నా పైఅంచుకి వచ్చేసరికి అది ఇంతవుతుంది. గుంటలో చక్రం పడిన ప్రతిసారీ ఆ కదలిక వెన్నుకి తగులుతుంది. అమ్మినతను దాచలేదు, "కీలు బాగుచేసేవాళ్లు దొరికితేనే తీసుకోండి" అన్నాడు. ఆ నిజాయితీకి దణ్ణం పెట్టి వదిలేశాను.

సంతకి వెళ్లేవాళ్లు రెండు చెక్కదిమ్మలు వెంట తీసుకెళ్లండి. నేల మీద పెట్టిన సీట్లో కూర్చుంటే ఏదైనా బాగానే ఉంటుంది. కారులో ఉండే ఎత్తుకి లేపి, కాళ్లు చాపుకుని, కనీసం పావుగంట కూర్చోవాలి. అడిగితే ఎవరూ కాదనలేదు, అడగకపోతే మాత్రం ఎవరూ కూర్చోమని అనరు.

ఆ రాత్రి దిగిన హోటల్ గది శుభ్రంగానే ఉంది. పాత కారుతో వెళ్లేవాళ్లకి మాత్రం అది పనికిరాదు. పార్కింగ్ నేల కింద ఉంది, దిగే దారి మరీ నిటారు. సైలెన్సర్ గీసుకుంటుందేమోనని నాకు ఒకటే టెన్షన్. పరుపు మరీ మెత్తన, పొద్దున లేచేసరికి అమ్మ నడుము ఇంకా బిగుసుకుపోయింది.

రెండో రోజు పాత కార్లు విప్పే స్క్రాప్ యార్డుకి వెళ్లాం. ఈ ప్రయాణంలో నాకు ఎక్కువ నేర్పిన చోటు ఇదే.

పాత చిన్న కార్లకి మాజ్దా ఎంఎక్స్-5 సీట్లు చాలామంది వేసుకుంటారు. ఇరుకైన చోట పడతాయి, వాలుతాయి, తల ఆనించుకోవడానికి ఆసరా వీపుతో కలిసే ఉంటుంది. అమ్మ కూర్చుని బాగుందంది. కానీ మా కారుకి రెండే తలుపులు. వెనక ఎక్కాలంటే ముందు సీటు వీపు ముందుకి వంగాలి. ఎంఎక్స్-5లో వెనక సీటే లేదు, కాబట్టి దాని వీపుకి ఆ ఏర్పాటూ లేదు. పైగా ఎత్తయిన ఆ వీపు మా కారు కిటికీలోంచి కొత్తగా కనబడుతుంది.

అప్పుడు మూడు తలుపుల హ్యాచ్‌బ్యాక్‌ల (పక్కల రెండు తలుపులు, వెనక డిక్కీది ఒకటి) వరసలోకి వెళ్లాం. వాటికి మా అవసరమే ఉంటుంది: వీపు వెనక్కి వాలాలి, ముందుకి వంగాలి, మళ్లీ గట్టిగా లాక్ పడాలి. 1980ల చివరి నాటి ఒక చిన్న కారులో సన్నటి సీట్లు దొరికాయి. తల ఆసరా రెండు కడ్డీల మీద విడిగా ఊడి వస్తుంది. వాల్చడానికి పక్కన గుండ్రటి నాబ్.

ఈ నాబ్ గురించి కొంచెం చెప్పాలి. లివర్ లాగితే వాలే సీట్లు మెట్టుమెట్టుగా ఆగుతాయి. అమ్మకి నచ్చిన కోణం ప్రతిసారీ రెండు మెట్ల మధ్యే పడింది. నాబ్ తిప్పితే ఎక్కడ కావాలంటే అక్కడ ఆగుతుంది. ఇబ్బందల్లా, ఇరుకు కారులో తలుపు వేశాక సీటుకీ తలుపుకీ మధ్య చెయ్యి దూరదు. ఎక్కేటప్పుడే కోణం సరిచేసుకుని తలుపు వేసుకోవాలి. నాకు అది మేలే అనిపించింది. కారు నడుస్తుండగా సీటు బాగా వాల్చి పడుకుంటే, గుద్దుకున్నప్పుడు మనిషి బెల్టు కిందనుంచి ముందుకి జారిపోతాడు. వాలే సీటు ఉన్నది వీపుకి సరైన కోణం ఇవ్వడానికి. పడుకోవాలంటే కారు ఆపాకే.

యార్డులో పనిచేసే కుర్రాడు చాలా ఓపికమంతుడు. సీటు ముందుకీ వెనక్కీ జరిగే రెండు పట్టాలూ ఒకేసారి లాక్ పడుతున్నాయో లేదో తనే నాలుగుసార్లు జరిపి చూపించాడు. సీటుతోపాటు పట్టాలు, బోల్టులు కూడా తీసుకెళ్లమన్నాడు, అది మంచి సలహా. ఆ బోల్టులు మెట్రిక్, మా కారువి అంగుళాల మరలు. ఒకదాంట్లో ఒకటి తిప్పితే మర చెడుతుంది. ఇంకో మాట కూడా చెప్పాడు: సీటు కింద పసుపు కనెక్టర్ కనబడితే అందులో ఎయిర్‌బ్యాగ్ ఉండొచ్చు, దాని జోలికి వెళ్లొద్దని. పాత కారుకోసం వెతికేవాళ్లు ఎయిర్‌బ్యాగ్ సీట్లని చూడకుండా వదిలెయ్యడమే క్షేమం.

ఆ రాత్రి బస వాకిలి ఉన్న చిన్న గెస్ట్‌హౌస్‌లో. కారు మా గది కిటికీ ముందే నిలిచింది. వరండాలో చెక్క చేతుల కుర్చీ ఒకటి ఉంది. అమ్మ అందులో రెండు గంటలు కూర్చుని కబుర్లు చెప్పింది, నడుము మాటే ఎత్తలేదు. ఇదేమిటి చెప్మా అని దగ్గరికెళ్లి చూశాను. నడుము వెనక తువ్వాలు మడతపెట్టుకుంది. ఫోన్‌తో కొలిస్తే కూర్చునే పలకకీ వీపుకీ మధ్య కోణం 105 డిగ్రీలు. పలక ముందువైపు కాస్త ఎత్తుగా ఉండి తొడల బరువు మోస్తోంది. తువ్వాలు మందం, అది ఆనిన ఎత్తు, ఆ కోణం అన్నీ కాగితం మీద రాసుకున్నాను. ఆ గెస్ట్‌హౌస్‌లో వేడినీళ్లు ఆలస్యంగా వచ్చాయి, తలుపు గడియ సరిగ్గా పడలేదు. అయినా మళ్లీ అక్కడే దిగుతాను.

మూడో రోజు యార్డులో తీసుకున్న ఆ సీట్లతో, సీట్లు కుట్టేవాళ్ల దగ్గరికి. మొదటిది పెద్ద షాపు. మర్యాదగా మాట్లాడారు, ఐదు రోజుల్లో ఇస్తామన్నారు. మందమైన మెత్తటి స్పాంజి వేస్తామని, సీటు ఎత్తు తగ్గించడానికి ఫ్రేమ్ కోసి వెల్డింగ్ చేస్తామని అన్నారు. అక్కడే నేను ఆగిపోయాను. వాలే కీలు మోసే ఫ్రేమ్‌ని కోయించడానికి నాకు ధైర్యం లేదు. మెత్తటి స్పాంజి మొదటి పది నిమిషాలు సుఖంగా ఉంటుంది, తర్వాత మనిషి అందులోకి దిగిపోయి మళ్లీ పాత కథే.

రెండోది ఒక పెద్దాయన షెడ్డు. ఆయన నన్ను ఏమీ అడగలేదు. "అమ్మా, ముందు మీరు కూర్చోండి" అన్నారు. సీటు ముందంచుకీ ఆమె పిక్కలకీ మధ్య ఎంత ఖాళీ ఉందో చూశారు. నా కాగితం శ్రద్ధగా చదివారు. అడుగున గట్టి స్పాంజి, పైన పలచగా మెత్తటిది, నడుము దగ్గర తువ్వాలంత మందం అదనంగా పెడదామన్నారు. సీటు పక్కల ఉబ్బెత్తులు తగ్గిస్తే 1980ల రూపు పోతుందని, ఆపైన నిలువు గీతల కుట్టు, అంచు చుట్టూ పైపింగ్ (సన్నటి గుండ్రటి అంచుపట్టీ) వస్తే పాత సీటులాగే ఉంటుందని చెప్పారు.

రంగు దగ్గర నాకొక పాఠం దొరికింది. వెనక సీటు అంచు మడత కింద ఎండ తగలని రెగ్జిన్ అసలు ఎరుపు చూపించి, దానికి సరిపోయేది వెయ్యమన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "ముందు సీట్లు మెరిసిపోతే వెనక సీటు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది బాబూ. ఎండకి మారిన రంగుకే కలుపుదాం" అన్నారు. తలుపు పలక ఒకటి విప్పించి తన దగ్గరే ఉంచుకున్నారు. ఐదు రోజులు కాదు, మూడు వారాలు పట్టింది. మధ్యలో రెండుసార్లు నేనే ఫోన్ చెయ్యాల్సి వచ్చింది. సమయం విషయంలో ఆయన్ని నమ్ముకోకండి, పని విషయంలో కళ్లు మూసుకుని నమ్మొచ్చు.

రెండో ప్రయాణం బిగించుకోవడానికి. కొత్త సీటు రెండు అంగుళాలు ఎత్తు వచ్చింది. ఫ్రేమ్ ముట్టుకోకుండా, కింది బ్రాకెట్లు పొట్టివి చేయించి సర్దాం. ముందు దిమ్మల మీద నిలిపి, తల పైకప్పుకి తగలకుండా, తలుపు పడేలా, వీపు ముందుకి వంగేలా చూసుకున్నాకే రంధ్రాలు వేశాం. పాత కారు నేల రేకు పల్చన కాబట్టి బోల్టుల కింద వెడల్పాటి ఉక్కు పలకలు పెట్టించాను. ఇది ఎవరూ మానకూడదు. తల ఆసరా విషయంలో మాత్రం అమ్మతో కాస్త వాదన జరిగింది. అది పాత కారు రూపుకి సరిపోదు, నిజమే. కానీ వెనకనుంచి గుద్దితే మెడని కాపాడేది అదే. అమెరికాలో 1969 నుంచి కొత్త కార్ల ముందు సీట్లకి దాన్ని తప్పనిసరి చేసింది కూడా అందుకే. చివరికి అదే రెగ్జిన్ తొడిగించి, ప్రయాణంలో పెట్టుకుని, ఇంట్లో నిలిపి ఉంచినప్పుడు తీసేద్దామని ఒప్పందానికి వచ్చాం.

తిరుగుప్రయాణంలో గంట దాటగానే అలవాటుగా కారు నెమ్మది చేశాను. అమ్మ ఇటు తిరిగి, "ఎందుకురా ఆపడం? పోనీ" అంది. రెండున్నర గంటల తర్వాత ఆపాం, అదీ నా నడుము కోసమే. డ్రైవర్ వైపు కొత్త సీటు ఇంకా పెద్దాయన షెడ్డులోనే ఉంది. అది వచ్చే నెల ఇస్తామన్నారు.